రెండు చుక్కల నడుమ

ముప్ఫై నాలుగేళ్ళు బస్సు డిపోలో ఉద్యోగం చేశాను. ఈ మాట చెప్పగానే "అయితే మీకు ఇంజన్ల సంగతి క్షుణ్ణంగా తెలుసునన్నమాట!" అంటారు ఎవరైనా. నేను కాదనేవాణ్ణి కాదు. నిజానికి నేను వెలగబెట్టింది స్టోర్సు గుమాస్తా ఉద్యోగం. పిస్టను రింగుల సెట్టు ఏ అరలో ఉందో, దాని పార్టు నంబరేమిటో, కిందటిసారి ఎంతకు కొన్నామో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఆ రింగు ఇంజనులో ఎక్కడ కూర్చుంటుంది, కూర్చుని ఏం చేస్తుంది అంటే మాత్రం నాకు తెలియదు. పెళ్ళి సామాను జాబితా రాసినవాడికి పెళ్ళి మంత్రాలు కూడా వచ్చి తీరాలని ఎక్కడుంది?

మా డిపోలో ఒక హెడ్ మేస్త్రీ ఉండేవారు. ఒకనాటి మధ్యాహ్నం లేలాండు ఇంజను ఒకటి పూర్తిగా విప్పి, కిరసనాయిలుతో కడిగి, గోనెసంచుల మీద వరసగా పరిచి, చేతులు తుడుచుకుంటూ నా కిటికీ దగ్గరికి వచ్చారు.

"గుమాస్తాగారూ! ఇన్నేళ్ళుగా మీ చేత్తో ఇచ్చిన సామానంతా ఇవాళ ఒకచోట ఉంది. ఒకసారి వచ్చి చూడండి. ఏది ఎక్కడికి పోతుందో చూపిస్తాను" అన్నారు.

ఆ రోజు నేను ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కున్నాను. సాయంత్రం ఒక పెళ్ళికి వెళ్ళాలి. "చొక్కా మాస్తుంది మేస్త్రీగారూ, ఇంకోసారి చూద్దాం లెండి" అన్నాను. ఆయన నవ్వి వెళ్ళిపోయారు. ఆ ఇంకోసారి మళ్ళీ రాలేదు. ఆయన పిలవలేదు, నేను అడగలేదు. ఇద్దరం రిటైరై ఎవరి ఇళ్ళకు వాళ్ళం చేరుకున్నాం.

ఈ పాత ముచ్చట ఇప్పుడెందుకంటారేమో. నిరుడు జర్మనీలో నా మనవడు నన్నొక ప్రశ్న అడిగాడు. దాని జవాబు ఆ గోనెసంచుల మీదే ఉండిపోయింది.

మా అమ్మాయీ అల్లుడూ బ్రౌన్‌ష్వైగ్ అనే ఊళ్ళో కాపురం ఉంటున్నారు. మూడు నెలల వీసా మీద నేనూ మా ఆవిడా వెళ్ళాం. మనవడు నానికి పదేళ్ళు. వాడు అక్కడే పుట్టాడు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడడమంటే మాత్రం మొహమాటం. నాకు జర్మన్ రాదు. మొదటి పదిహేను రోజులూ మా ఇద్దరి సంభాషణా "తిన్నావా?", "తిన్నాను", "పడుకుంటావా?", "పడుకుంటాను" అనే నాలుగు మాటల మీదే నడిచింది. బయట ఆగని ముసురు. వాడు పుస్తకం పట్టుకుని ఒక మూల, నేను కిటికీ పట్టుకుని ఒక మూల. మనవణ్ణి చూడడానికి ఇన్ని వేల మైళ్ళు వచ్చి, తీరా వచ్చాక చూడడం తప్ప చేసేదేమీ లేకపోయిందే అని మనసులో బాధగా ఉండేది.

అది కనిపెట్టింది కాబోలు, ఒక శనివారం పొద్దున్న మా అమ్మాయి, "నాన్నా, నాని మిమ్మల్ని వోల్ఫ్స్‌బర్గ్ తీసుకెళ్తాడు. రైలెక్కితే అరగంట కూడా పట్టదు. అక్కడ కార్ల మ్యూజియం ఉంది. మీరు ఇంజన్ల మధ్య పెరిగారు గదా, వాడికి అన్నీ చెప్పండి" అంది.

ఇంజన్ల మధ్య పెరిగానట! నేను పెరిగింది ఇంజన్ల లెడ్జర్ల మధ్య. అయినా కూతురి ముందు ఒప్పుకోవడం ఎలా? గొడుగు తీసుకుని బయల్దేరాను.

వోల్ఫ్స్‌బర్గ్ అంటే తోడేలు కోట అని అర్థం. రైలు దిగగానే కోటా కనబడదు, తోడేలూ కనబడదు. పట్టాల అవతల ఒక వెడల్పాటి కాలవ, కాలవకు ఆవలి గట్టున కనుచూపు మేర ఎర్రయిటుకల ఫాక్టరీ. దాని విద్యుత్కేంద్రానికి నాలుగు పొగగొట్టాలు, నలుగురు అన్నదమ్ముల్లా ఒక్క ఎత్తున నిలబడి ఉంటాయి. మన పల్లెటూళ్ళకు ముందు ఊరు పుడుతుంది, తరవాత గుడి వెలుస్తుంది. ఇక్కడ ముందు ఫాక్టరీ వచ్చింది, దాని కోసం ఊరు కట్టారు. 1938 మే 26న హిట్లరు స్వయంగా శంకుస్థాపన చేశాడు. అప్పుడు ఈ ఊరికి ఊరి పేరంటూ లేదు. అక్కడ తయారు కావలసిన కారు పేరు మీదుగా 'ఫలానా కారు పట్నం' అని పిలిచేవారు. యుద్ధంలో జర్మనీ ఓడిపోయాక, 1945 మేలో, పక్కనే ఉన్న పాతకోట పేరు ఊరికి పెట్టారు.

ఆ కారే, తరవాత ప్రపంచమంతా పాకిన ఫోక్స్‌వాగన్. జర్మన్లు దాన్ని ముద్దుగా 'కేఫర్' అంటారు. అంటే పెంకుపురుగు. డొప్పలాంటి ఆ వీపు చూస్తే పేరు ఎందుకొచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

దీని పుట్టుకలో మన మధ్యతరగతి వాళ్ళు గుండె మీద చెయ్యి వేసుకుని వినవలసిన కథ ఒకటుంది. కారు ఖరీదు 990 మార్కులన్నారు. ఒక్కసారిగా ఇచ్చుకోలేనివాళ్ళు వారానికి 5 మార్కులు పెట్టి స్టాంపు కొని కార్డు మీద అంటించాలి. కార్డులు నిండితే కారు ఇంటికి వస్తుంది. అచ్చం మన చిట్టీ వ్యవహారమే. మూడు లక్షలమందికి పైగా కట్టారు. ఇంతలో 1939లో యుద్ధం వచ్చింది, ఫాక్టరీ మిలిటరీ బళ్ళు చెయ్యడం మొదలుపెట్టింది. స్టాంపులు అంటించిన వాళ్ళలో ఒక్కరికి కూడా ఆ పథకం కింద కారు దక్కలేదు. యుద్ధమైన తరవాత ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలిగి, 1961లో రాజీ కుదిరి, కొత్తకారు కొనుక్కుంటే ధరలో కొంత తగ్గింపు ఇచ్చారు.

ఈ కథను నేను మ్యూజియంకు పోయే సిటీబస్సులో మనవడికి చెప్పాను. వాడు శ్రద్ధగా విని, "అమ్మమ్మ కూడా చిట్టీ కడుతుంది గదా?" అన్నాడు. "కడుతుంది. మీ అమ్మమ్మ చిట్టీ అయితే యుద్ధం వచ్చినా పాడుకుని తీరుతుంది" అన్నాను. వాడు నవ్వాడు. ఆ పదిహేను రోజుల్లో నా మాటకు వాడు నవ్వడం అదే మొదలు.

మ్యూజియంలో పెంకుపురుగులు రకరకాల రంగుల్లో బారులు తీరి ఉన్నాయి. మామూలు కార్లకు ఇంజను ముందుంటుంది. దీనికి వెనక. సామాను పెట్టుకునే చోటేమో ముందు. ఒక కారుకు వెనక మూత ఎత్తి పెట్టారు. నాని దాని ముందు ఆగి లోపలికి తొంగి చూసి, "తాతయ్యా, ఇందులో ఏమేం ఉంటాయి?" అన్నాడు.

నాకు హుషారొచ్చింది. పిస్టన్లు, రింగులు, కనెక్టింగు రాడ్లు, క్రాంక్ షాఫ్టు, కేం షాఫ్టు, వాల్వులు, వాల్వు స్ప్రింగులు, గాస్కెట్లు అని ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పాను. వాడి కళ్ళు పెద్దవయ్యాయి. నా ఛాతీ కూడా కొంచెం పెద్దదయింది.

"కేం షాఫ్టు ఎక్కడుంది?" అన్నాడు వాడు.

నేను మూత కిందికి చూశాను. రేకులు, గొట్టాలు, ఒక బెల్టు, ఒక పుల్లీ. ముప్ఫై నాలుగేళ్ళలో కొన్ని వందల కేం షాఫ్టులు ఇండెంటు మీద సంతకం పెట్టి ఇచ్చినవాణ్ణి, అది ఎక్కడుంటుందో వేలు పెట్టి చూపించలేకపోయాను. "లోపల" అన్నాను. "లోపల ఎక్కడ?" అన్నాడు. "లోపలే" అన్నాను. వాడు మర్యాదగలవాడు, మరి అడగలేదు. కాని తాతయ్యకు తెలియదన్న సంగతి వాడికి తెలిసిపోయింది. ఆ క్షణంలో మా మేస్త్రీ, ఆయన పరిచిన గోనెసంచులూ నా కళ్ళముందు కదిలాయి.

బయటికి వచ్చేచోట ఉన్న దుకాణంలో ఒక పెట్టె కనిపించింది. పైన బొమ్మ అదే ఇంజనుది. అసలు ఇంజనులో నాలుగోవంతు సైజు నమూనా. ముక్కలు ముక్కలుగా ఉంటుంది, మనమే బిగించుకోవాలి. పై కవచమంతా గాజులాగా పారదర్శకం, లోపల కదిలేదంతా కనబడుతుంది. ధర చూసి ఒకసారి వెనక్కు పెట్టేశాను. రూపాయల్లోకి మార్చి మళ్ళీ వెనక్కు పెట్టేశాను. మూడోసారి తీసుకున్నప్పుడు నాని, "తాతయ్యా, మనిద్దరం చేద్దామా?" అన్నాడు. ఇంకేముంది, కొనేశాను.

ఇంట్లో మా ఆవిడ పెట్టె విప్పి చూసి, "ఇంత డబ్బు పోసి ముక్కలు కొనుక్కొచ్చారా? బిగించింది లేదా?" అంది. ఇంజను కొన్న సంగతిని ఆడవాళ్ళకు నచ్చజెప్పడం కన్నా ఇంజను బిగించడం తేలికని నాకు ఆనాడే తెలిసింది.

నూటికి పైగా ముక్కలు. కొన్ని మరలు బియ్యపుగింజంత. ఇక్కడ నా స్టోర్సు విద్య అక్కరకు వచ్చింది. మా ఆవిడ ఊరినుంచి మోసుకొచ్చిన ఇడ్లీ రేకులు అడిగి పుచ్చుకున్నాను. ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క రకం మర, పక్కన అట్టముక్క మీద పేరు, నంబరు, ఎన్ని ఉన్నాయో లెక్క. ఒక మర తీస్తే లెక్కలో ఒకటి కొట్టెయ్యాలి. నాని దీన్ని ఆటలాగా పట్టేశాడు. "ఇండెంటు ప్లీజ్" అంటే చీటీ రాసి ఇచ్చేవాడు. రెండు రోజులు ఇంట్లో ఇడ్లీలు లేవు.

చేసే విధానం తెలిపే పుస్తకం జర్మన్లో ఉంది. అది వాడు చదివి, తెలుగు చేసి నాకు చెప్పాలి. పేర్లు నేను అందించాలి. క్రాంక్ షాఫ్టును జర్మన్లో 'కుర్బెల్ వెల్లె' అంటారు. వెల్లె అంటే ఇరుసుకీ పేరే, అలకీ పేరే. వాడు కాసేపు ఆలోచించి "తిప్పే అల" అన్నాడు. నేను ఆ వంకరటింకర ముక్కను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. నిజంగా అలే! ఒక మెలిక లేస్తుంటే ఒక మెలిక పడుతోంది. ఇన్నాళ్ళూ దాన్ని నేను బరువు, ఖరీదు, గ్రీజు కాగితంలో చుట్టిన పొడుగాటి కట్టగానే ఎరుగుదును. పిస్టను పేరు 'కోల్బెన్'. మొక్కజొన్న పొత్తును కూడా ఆ మాటతోనే అంటారట. అది మొదలు మా ఇంట్లో పిస్టన్లన్నీ పొత్తులైపోయాయి.

మా లేలాండు ఇంజనులో సిలిండర్లు నిటారుగా వరసలో నిలబడతాయి. ఈ ఇంజను పడుకుని ఉంటుంది. కుడివైపు రెండు సిలిండర్లు, ఎడమవైపు రెండు, నడుమ మన తిప్పే అల. ఎదురెదురు పొత్తులు ఒకేసారి బయటికి పోతాయి, ఒకేసారి దగ్గరికి వస్తాయి. బాక్సింగు ఆడేవాళ్ళ పిడికిళ్ళలాగా ఉంటాయని దీనికి బాక్సరు ఇంజను అని పేరు. ఇవతలి తాకిడిని అవతలి తాకిడి సరిపెట్టేస్తుంది గనక అదురు తక్కువ.

నీళ్ళ రేడియేటరు లేదు. అదేమిటని వెతికితే, అక్కర్లేదని తెలిసింది. ఆ రోజుల్లో కారు కొనే మామూలు మనిషికి షెడ్డు ఉండదు. చలికాలం రాత్రి ఆరుబయట నిలబెడితే నీళ్ళు గడ్డకట్టి ఇంజను పగిలిపోతుంది. అందుకని గాలితోనే చల్లబరచాలని డాక్టరు పోర్షే బృందం నిర్ణయించింది. ప్రతి సిలిండరుకూ చుట్టూ రెక్కలు. పైన డైనమో ఇరుసుకే ఒక పంకా, దాన్ని తిప్పే బెల్టు. ఇంజను ఎంత జోరుగా తిరిగితే పంకా అంత జోరుగా వీస్తుంది. ఇంటి యజమాని ఎంత కేకలేస్తే ఇల్లాలు అంత గట్టిగా విసనకర్ర ఊపినట్టు అని నేనన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ, "ఏ యింట్లో?" అంది.

దానికో చిన్న లోపం కూడా ఉండేదట. పంకాగాలి వచ్చే దారిలోనే నూనె చల్లబరిచే పరికరం అడ్డంగా ఉండడంవల్ల, దాని వెనకనున్న మూడో నంబరు సిలిండరుకు వేడిగాలే మిగిలేది. 1970ల మొదట్లో ఆ పరికరాన్ని పక్కకు జరిపి ఆ లోపం సవరించారు. "అందరికీ పోగా మిగిలింది మూడో నంబరుకా?" అని నాని జాలిపడ్డాడు. "ప్రతి ఇంట్లోనూ ఒక మూడో నంబరు ఉంటుందిరా" అని ఊరుకున్నాను.

ఇక కేం షాఫ్టు. నన్ను పదిమందిలో కాకపోయినా ఒక్కడి ముందు నవ్వులపాలు చేసిన వస్తువు! అది క్రాంక్ షాఫ్టుకు సరిగ్గా కింద ఉంది. పళ్ళచక్రంతో దానికే తగులుకుని, అది రెండు చుట్లు తిరిగితే ఇది ఒక చుట్టు తిరుగుతుంది. దాని మీద బొడిపెలుంటాయి. బొడిపె పైకొచ్చినప్పుడు పుష్ రాడ్డును తోస్తుంది, అది వాల్వును తెరుస్తుంది. ఇందులో ఇంకో పొదుపు చూడండి. వాల్వులు ఎనిమిది, బొడిపెలు నాలుగే. ఒక్కొక్క బొడిపె కుడివైపు ఒక వాల్వుకీ ఎడమవైపు ఒక వాల్వుకీ సేవ చేస్తుంది. పీల్చడం, నొక్కడం, పేల్చడం, వదలడం - ఈ నాలుగు పనులూ ఒకదాని వెంట ఒకటి జరగాలి. నాలుగు సిలిండర్లలోనూ పేలుడు ఒకటి, నాలుగు, మూడు, రెండు అనే వరసలో రావాలి. "ఒకటి-నాలుగు-మూడు-రెండు" అని నానీ నేనూ ఎక్కంలాగా వల్లించుకున్నాం.

పన్నెండు సాయంత్రాలు పట్టింది. ఆ పన్నెండు సాయంత్రాల్లో వాడు నాతో మాట్లాడిన తెలుగు, పుట్టిన దగ్గర్నుంచీ మాట్లాడినదాని కన్నా ఎక్కువని మా అమ్మాయి అంది. "మర బిగించు", "ఇంకొంచెం వదులు చెయ్యి", "జాగ్రత్త, జారిపోతుంది" - బళ్ళో నేర్పే మాటలు కావివి, పనిలో వచ్చిన మాటలు.

పదమూడో నాటి సాయంత్రం బ్యాటరీలు వేసి మీట నొక్కాం. లోపల దాచిన చిన్న మోటారు ఇంజనును తిప్పడం మొదలుపెట్టింది. పంకా తిరిగింది, పొత్తులు ఆడాయి, ప్లగ్గులు ఉండవలసిన చోట చిన్న దీపాలు వరసగా వెలిగాయి. మా అల్లుడు చప్పట్లు కొట్టాడు. మా ఆవిడ దిష్టి తీస్తానంది.

నాని మాత్రం చప్పట్లు కొట్టలేదు. మొహం ఇంజనుకు ఆనించి చూస్తున్నాడు. చాలాసేపటికి, "తాతయ్యా, దీపం వెలిగినప్పుడు వాల్వు తెరిచే ఉంది" అన్నాడు.

నేను వంగి చూశాను. నిజమే. పేలుడు సమయంలో రెండు వాల్వులూ మూసుకుని ఉండాలి. ఇక్కడ ఒకటి నోరు తెరుచుకుని ఉంది. అసలు ఇంజనయితే ఒక్క క్షణం నడవదు.

పుస్తకం వెనక్కు తిప్పాం. నాలుగో పేజీలో ఉంది సంగతి. క్రాంక్ షాఫ్టు చక్రం మీద పక్కపక్క పళ్ళకు రెండు చుక్కలుంటాయి. కేం షాఫ్టు చక్రం మీద ఒక చుక్క ఉంటుంది. ఆ ఒక చుక్క ఈ రెండు చుక్కల నడుమ పడాలి. ఆ రెండు చక్రాలూ జతచేసింది నేను. కళ్ళజోడు వంటింట్లో ఉందని, లేచి వెళ్ళడానికి బద్ధకించి, చూపుడు వేలితో తడిమి పెట్టేశాను. రెండు పళ్ళు పక్కకు పడింది.

అది సరిచెయ్యాలంటే మళ్ళీ పంకా తియ్యాలి, సిలిండర్లు తియ్యాలి, నడిమి పెట్టె రెండు బద్దలూ విప్పాలి. ఇంచుమించు మొదటికి రావాలి. మా ప్రయాణానికి ఇంక వారం రోజులే ఉంది.

"పోనీలేరా, తిరుగుతోంది గదా! దీపాలు వెలుగుతున్నాయి, పంకా తిరుగుతోంది. చూసేవాళ్ళకు ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

వాడు నా వంక చూడకుండా, "మనకి తెలుసు గదా తాతయ్యా" అన్నాడు.

నేను వంటింట్లోకి వెళ్ళి కళ్ళజోడు తెచ్చుకున్నాను. ఇడ్లీ రేకులు మళ్ళీ బల్ల మీదికి వచ్చాయి. ఈసారి చక్రాలు జతచేసింది వాడు. నేను దీపం పట్టుకున్నాను. రెండు చుక్కల నడుమ ఒక చుక్క పడ్డాక, "చూడు తాతయ్యా" అని నాకు చూపించి, నేను "సరే" అన్న తరవాతనే పెట్టె మూశాడు. నాలుగు సాయంత్రాల్లో ముగించాం. పని తెలిసినవాళ్ళం గదా ఇప్పుడు!

ఊరికి బయల్దేరే ముందు ఆదివారం మళ్ళీ వోల్ఫ్స్‌బర్గ్ వెళ్ళాం. ఈసారి అందరమూ. మ్యూజియంలో అదే కారు ముందు నిలబడి నాని వాళ్ళ అమ్మకు పాఠం చెబుతుంటే నేను పక్కన నిలబడి విన్నాను. మూత కింద అవే రేకులు, అదే బెల్టు, అదే పుల్లీ. అయినా నాకిప్పుడు రేకుల వెనక ఉన్నదంతా కనబడుతోంది. "ఈ పుల్లీ క్రాంక్ షాఫ్టుది. దాని కింద అక్కడ, సరిగ్గా అక్కడ, కేం షాఫ్టు" అని వాడు వేలు పెట్టి చూపించాడు. ఈ జాతి కార్లలో 1955 ఆగస్టు 5న పదిలక్షలది తయారైంది. 1972లో ఫోర్డు వారి టి మోడలు రికార్డును దాటింది. 2003 జులై 30న మెక్సికోలో చిట్టచివరిది తయారయ్యేసరికి లెక్క 2,15,29,464కు చేరింది.

బయటికి వచ్చాక మా అమ్మాయి, "నాన్నా, ఇంకొకచోటికి వెళ్దాం. దగ్గరే" అని మమ్మల్ని ఊళ్ళోకి తీసుకెళ్ళింది. సారా ఫ్రెంకెల్ అనే ఆవిడ పేరు పెట్టిన ఒక చిన్న కూడలి అది. అక్కడ ఒక స్మారకశిల ఉంది. యుద్ధకాలంలో ఈ ఫాక్టరీలో వెట్టిచాకిరీ చేసిన వాళ్ళ జ్ఞాపకార్థం పెట్టినది.

యుద్ధం సాగిన ఏళ్ళలో పోలండు నుంచి, రష్యా నుంచి, ఫ్రాన్సు నుంచి, హాలండు నుంచి, ఇటలీ నుంచి పట్టుకొచ్చినవాళ్ళూ, నిర్బంధ శిబిరాల నుంచి తెచ్చిన యూదులూ కలిసి సుమారు ఇరవైవేలమంది ఇక్కడ బలవంతాన పనిచేశారు. 1944 నాటికి ఫాక్టరీలో పనివాళ్ళలో మూడింట రెండు వంతులు వాళ్ళే. వాళ్ళలోని తల్లులకు పుట్టిన బిడ్డల్ని పాలు తాగే వయసులోనే విడదీసి ర్యూయెన్ అనే పక్క పల్లెలోని శిబిరంలో పెట్టారు. ఆలన లేక, తిండి లేక, రోగాలతో మూడువందల యాభైకి పైగా పసివాళ్ళు అక్కడ పోయారు. ఆ బాధ్యత వహించిన డాక్టరును యుద్ధానంతరం విచారించి 1947లో ఉరితీశారు. సారా ఫ్రెంకెల్ పోలండు దేశపు యూదుపిల్ల. మారుపేరుతో ఇక్కడ నర్సుగా పనిచేసి బతికి బయటపడి, ఆ పసివాళ్ళను లోకం మరిచిపోకుండా చూసింది.

మా ఆవిడ ఆ శిల ముందు చాలాసేపు నిలబడింది. ఇన్నాళ్ళూ ఇంజనంటే హాస్యమాడిన మనిషి, "పాలబుగ్గల పసివాళ్ళు వాళ్ళకేం చేశారమ్మా!" అని కళ్ళొత్తుకుంది.

నాని మెల్లిగా వాళ్ళమ్మను, "ఇది అందరికీ తెలుసా?" అని అడిగాడు. చాలా ఏళ్ళు ఎక్కువగా మాట్లాడుకోలేదని చెప్పింది అమ్మాయి. 1986లో కంపెనీయే హాన్స్ మోమ్‌జెన్ అనే చరిత్రకారుడికి ఆ పని అప్పగించింది. పాత కాగితాలన్నీ విప్పి పదేళ్ళు శోధించి 1996లో వెయ్యికి పైగా పేజీల పుస్తకం వెలువరించారు. ఫాక్టరీలోనే, ఒకప్పుడు బాంబుల నుంచి తలదాచుకోవడానికి కట్టిన గదుల్లో, 1999లో స్మృతిశాల ఏర్పాటు చేశారు.

రైలుస్టేషను దాకా ఎవరం మాట్లాడలేదు. కాలవ ఆవలి గట్టున నాలుగు పొగగొట్టాలు అలాగే నిలబడి ఉన్నాయి. మొదటిసారి వచ్చినప్పుడు వాటిని చూసి నలుగురు అన్నదమ్ములన్నాను. ఆనాడు నాకు కనిపించింది మూత ఒక్కటే. 1962లో ఇదే స్టేషనులో ఇటలీ నుంచి కూలీలు దిగారట - ఈసారి కూలి డబ్బులకు, తమ ఇష్టంతో. వాళ్ళ మనవలు ఇప్పుడు ఈ ఊరివాళ్ళే. నా మనవడు ప్లాట్‌ఫారం మీద నిలబడి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ ఏదో గొణుక్కుంటున్నాడు. చెవి పెట్టి విన్నాను. "ఒకటి, నాలుగు, మూడు, రెండు."

ఇంజనును వాడి దగ్గరే ఉంచి వచ్చాను. అది తిరుగుతుండగా తీసిన బొమ్మ ఒకటి ఫోనులో తెచ్చుకున్నాను. ఇంటికి చేరిన నాలుగో రోజున ఆ ఫోను పట్టుకుని మా మేస్త్రీ ఇంటికి వెళ్ళాను. రిటైరయ్యాక వాళ్ళింటికి వెళ్ళడం అదే మొదటిసారి. ఆయనకు ఇప్పుడు చూపు ఆనదు. అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. గొంతు విని "స్టోర్సు గుమాస్తాగారా!" అన్నారు.

ఫోను ఆయన చెవి దగ్గర పెట్టి ఇంజను చప్పుడు వినిపించాను. తల వంచి విని, పెదవి విరిచి, "ఇది ఇంజను చప్పుడు కాదు బాబూ, రికార్డు" అన్నారు. నిజమే, ఆ చప్పుడు ఒక చిన్న పెట్టెలోంచి వచ్చేదే. అప్పుడు మొత్తం కథంతా చెప్పాను - ఇడ్లీ రేకులు, తిప్పే అల, తెరుచుకున్న వాల్వు, మళ్ళీ మొదటికి విప్పడం. కేం షాఫ్టు దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యెత్తి నన్ను ఆపి, "గుర్తులు కలిపారా?" అన్నారు.

"కలిపాం. రెండు చుక్కల నడుమ ఒక చుక్క."

"అయితే సరే. అది నడుస్తుంది" అన్నారు మేస్త్రీ.

కాసేపు ఇద్దరం ఊరుకున్నాం. లోపలినుంచి ఎవరో టీ తెచ్చి ఇచ్చారు. ఆయన గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని, ఏదో గుర్తుకొచ్చినట్టు నవ్వి, నా వైపు తిరిగారు.

"ఇంతకీ గుమాస్తాగారూ, చొక్కా మాయలేదా?"